కరకరలాడే ఆనియన్ రింగ్స్: కొరికితే ఉల్లిపాయ జారిపోకుండా ఇంట్లో చేయడం ఎలా

ఆనియన్ రింగ్‌ను ఒక్క కొరుకు కొరకగానే లోపలి ఉల్లిపాయ మొత్తం సాగి పళ్ళ మధ్యకు వచ్చేసి, చేతిలో ఖాళీ పిండి తొడుగు మిగిలిపోవడం మీకు ఎన్నిసార్లు జరిగింది? నాకు మొదటి రెండేళ్ళు ప్రతిసారీ ఇదే. రంగు బాగా వచ్చేది, ఉప్పూకారం సరిపోయేవి, కానీ పిల్లలు తినేటప్పుడు పిండి ఒకవైపు, ఉల్లిపాయ ఒకవైపు. పది నిమిషాలు ఆగితే ఆ పిండి కూడా గాలికి వదిలేసిన అప్పడంలా మెత్తబడేది.

మాది అనంతపురం వైపు. బెంగళూరు వచ్చి పద్నాలుగేళ్ళు, ఉండేది కేఆర్ పురంలో. ఇక్కడ వేసవి చివర నుంచి అక్టోబరు దాకా ఎప్పుడు మబ్బు పడుతుందో తెలియదు, సాయంత్రం నాలుగింటికి వాన మొదలైందంటే ఇంట్లో అందరికీ నూనెలో వేగినదేదో ఒకటి కావాలి. మా అమ్మ నేర్పిన ఉల్లి పకోడీ ఎలాగూ ఉంది, అయితే పిల్లలు మాల్‌లో తిన్న రింగ్స్ అడుగుతారు. బయట ఒక ప్లేటుకు పెట్టే డబ్బుతో ఇంట్లో నలుగురికీ కడుపునిండా చేయవచ్చు కాబట్టి పట్టుబట్టి నేర్చుకున్నాను. నేర్చుకున్నాక తెలిసింది ఏమిటంటే ఇది మసాలాల వంట కాదు, నీళ్ళ లెక్క. ఉల్లిపాయలో దాదాపు 90 శాతం నీళ్ళే. ఆ నీళ్ళను ఎక్కడ తీసేయాలి, పిండిలో ఎన్ని పోయాలి, వేగేటప్పుడు వచ్చే ఆవిరిని ఎటు పంపాలి, ఈ మూడూ పట్టుబడితే రింగ్స్ వచ్చినట్టే.

ముందుగా ఒక మాట. పకోడీ అలవాటు ఉన్నవాళ్ళం కాబట్టి చెయ్యి తనంతట తాను ఉప్పు డబ్బా వైపు పోతుంది. పకోడీకి ఉల్లిపాయ ముక్కల్లో ఉప్పు వేసి పిసికితే నీళ్ళు ఊరతాయి, ఆ తడితోనే పిండి కలుస్తుంది, అదే దాని రుచి. రింగ్స్‌కు ఇది పూర్తిగా తలకిందులు. కోసిన చక్రాల మీద చిటికెడు ఉప్పు పడినా అవి తడి వదులుతూనే ఉంటాయి, పిండి పట్టదు. ఉప్పు పిండిలో మాత్రమే వేయాలి.

ఉల్లిపాయ ఎలాంటిది కొనాలి

పెద్దది, గుండ్రటిది, గట్టిది. ఒక్కోటి 200 గ్రాములు అటూఇటూగా ఉండాలి, పిడికిట్లో ఇమడకూడదు. అలాంటివి రెండుంటే నలుగురికి సరిపోతాయి. మెడ దగ్గర బొటనవేలితో నొక్కి చూడండి, మెత్తగా తగిలితే లోపల కుళ్ళు మొదలైనట్టే. మొలక వచ్చినవి వద్దు. పైన ఒకటిగా కనిపించి లోపల రెండుగా చీలిన జంట గడ్డలు అసలే వద్దు, కోస్తే చక్రాలు రావు, సగం సగం ముక్కలు వస్తాయి.

బెంగళూరులో బండి దగ్గర "దొడ్డ ఈరుళ్ళి కొడి అణ్ణా" అంటే పెద్దవి ఏరి ఇస్తారు. ఇక్కడ ఇంకో ఉల్లి ఉంది, ఎర్రగా చిన్నగా చూడముచ్చటగా ఉంటుంది, బెంగళూరు రోజ్ అంటారు. చిక్కబళ్ళాపురం, కోలారు, బెంగళూరు గ్రామీణ జిల్లాల్లో పండుతుంది, 2015లో భౌగోళిక గుర్తింపు (జీఐ) కూడా వచ్చింది, పంటలో ఎక్కువ భాగం మలేషియా, సింగపూర్, ఇండోనేషియాలకు వెళ్తుంది. సాంబారులో దాని రుచే వేరు. కానీ చిన్నది, ఘాటు ఎక్కువ, రింగ్స్‌కు పనికిరాదు. మనకు కావలసింది నాసిక్ రకం పెద్ద ఎర్ర ఉల్లి, లేదంటే పెద్ద తెల్ల ఉల్లి.

కాలం కూడా చూసుకోండి. వేసవిలో తవ్విన రబీ పంట ఉల్లి పొడిగా, పొర గట్టిగా ఉంటుంది, నెలల తరబడి నిల్వ ఉంటుంది, రింగ్స్‌కు దాన్ని మించింది లేదు. దసరా, దీపావళి సమయంలో వచ్చే కొత్త ఖరీఫ్ ఉల్లిలో తడి ఎక్కువ, పై పొట్టు కూడా పలచగా చేతికి అంటుకునేలా ఉంటుంది. అదే దొరికితే మానేయనక్కర్లేదు, తుడిచే దగ్గర ఇంకాస్త ఓపిక పట్టాలి, అంతే.

కోయడం, పొర తీయడం

దీని గురించి కొంచెం ఎక్కువే చెబుతాను, ఎందుకంటే పని అంతా ఇక్కడే ఉంది.

ఉల్లిపాయలను కోసే ముందు 20 నిమిషాలు ఫ్రిజ్‌లో పెట్టండి. కోసినప్పుడు కళ్ళు మండించే గంధకపు వాయువు చల్లటి ఉల్లి నుంచి తక్కువగా వస్తుంది. వేరు వైపు, మొన వైపు రెండూ కోసేసి పొట్టు తీయండి. పొట్టు కింద తోలులా సాగే ఒక పొర ఉంటుంది, సగం ఎండి సగం పచ్చిగా, అది కూడా తీసేయండి, ఎంత వేయించినా అది నమలడానికి రాదు. ఇప్పుడు గడ్డను పడుకోబెట్టి అడ్డంగా ఒక సెంటీమీటరు మందంలో కోయండి, అంటే మీ చిటికెన వేలి మందం. అంతకన్నా పలచగా కోస్తే పిండిలో ఉల్లిపాయ ఉందో లేదో తెలియదు, మరీ మందంగా కోస్తే పైన ఎర్రగా వేగి లోపల పచ్చిగా కచకచలాడుతుంది. కత్తి మాత్రం పదునుగా ఉండాలి. మొద్దు కత్తితో కోస్తే చక్రం ఒకవైపు మందం, ఒకవైపు పలచన అవుతుంది, నూనెలో పలచన వైపు ముందే మాడుతుంది.

చక్రాల మధ్యలో బొటనవేలితో మెల్లగా నెడితే ఒక్కో వలయం విడివడుతుంది. రూపాయి బిళ్ళ కన్నా చిన్నగా ఉన్న లోపలి వలయాలను పక్కన పెట్టండి, వాటి పని చివర్లో ఉంది.

ఇప్పుడు ఒక వలయాన్ని కిటికీ వెలుతురుకు ఎదురుగా పట్టుకుని లోపలి వైపు చూడండి. తడిగా, నున్నగా మెరుస్తూ ఒక పొర కనిపిస్తుంది. అంచు దగ్గర గోటితో కొంచెం గీకితే లేస్తుంది, పట్టుకుని లాగితే వలయం చుట్టూ రిబ్బన్‌లా ఊడి వస్తుంది, వేలి మీద పెట్టుకుంటే అవతలి వైపు కనిపించేంత పలచన. కొరికినప్పుడు ఉల్లిపాయ జారిపోవడానికి సగం కారణం ఇదే. ఈ పొర మీద పిండి నిలవదు, వేగేటప్పుడు దీని వెనక ఆవిరి చేరి పిండిని ఉల్లిపాయ నుంచి విడదీస్తుంది. మిగతా సగం కారణం ఉల్లిపాయ గట్టిగా ఉండడం: పంటికి తెగకుండా సాగుతుంది కాబట్టి కొరికిన ముక్కతో పాటు మొత్తం లాక్కుని వస్తుంది.

ఈ రెండింటికీ ఒకే మందు ఫ్రీజర్. విడదీసిన వలయాలను జిప్ కవర్లో పరిచి గాలి తీసేసి కనీసం గంట, గంటన్నర గడ్డకట్టించండి. ముందు రోజు రాత్రి పెట్టినా సరే. లోపలి నీళ్ళు గడ్డకట్టినప్పుడు వ్యాకోచించి ఉల్లి కణాల గోడలను పగలగొడతాయి, కరిగాక ఆ వలయం మెత్తగా, వంచితే వంగేలా అవుతుంది, వేగాక పంటికి సులువుగా తెగుతుంది. తీశాక గిన్నెలో చల్లటి నీళ్ళు పోసి రెండు మూడు నిమిషాలు ఉంచితే కరిగిపోతాయి. ఇప్పుడు పొర పట్టుకోండి, ఇందాక గోటితో గీకాల్సి వచ్చింది కదా, ఇప్పుడు వేలితో రుద్దితేనే జారి వచ్చేస్తుంది. చూడడానికి ఉల్లిపాయలు వడలిపోయినట్టు ఉంటాయి, పాడైపోయాయని కంగారుపడి పారేయకండి, వేగాక అవే బాగుంటాయి.

రెండు గడ్డలకు పొర తీయడానికి పది పన్నెండు నిమిషాలు పడుతుంది. పిల్లలను కూర్చోబెడితే ఇష్టంగా చేస్తారు, మా చిన్నది తెగకుండా ఎంత పొడుగు పొర తీసిందో లెక్కపెట్టుకుంటూ కూర్చుంటుంది. ఫ్రీజర్‌కు టైం లేకపోతే పచ్చి వలయాలకే పొర తీయండి, కష్టం కాస్త ఎక్కువ, ఫలితం కాస్త తక్కువ, అయినా పొర తీయకుండా చేసినదానికన్నా ఎంతో నయం.

పొర తీశాక తుడవడం. పాత నూలు పంచె ముక్క గానీ, పలచటి కాటన్ టవల్ గానీ పరిచి వలయాలను ఒకదాని మీద ఒకటి పడకుండా పేర్చి, పైన ఇంకో బట్ట వేసి అరచేతితో అద్దండి. ఫ్రీజర్ నుంచి వచ్చిన ఉల్లి చాలా నీళ్ళు వదులుతుంది, ఒకసారి అద్దాక ఐదు నిమిషాలు ఆగి మళ్ళీ అద్దండి. వేలితో ముట్టుకుంటే వేలు తడవకూడదు.

పిండి

మైదా ఒక కప్పు, బియ్యప్పిండి పావు కప్పు, కార్న్‌ఫ్లోర్ పావు కప్పు, బేకింగ్ పౌడర్ ఒక టీస్పూను, ఉప్పు ముప్పావు టీస్పూను, కారం ఒక టీస్పూను, మిరియాల పొడి అర టీస్పూను, ఇష్టమైతే నలిపిన వాము చిటికెడు. ఇవన్నీ జల్లెడ పట్టి పెద్ద గిన్నెలో కలిపి, ఆ గిన్నెను కూడా ఫ్రిజ్‌లో పెట్టేయండి. వేరే పళ్ళెంలో అర కప్పు మైదా, రెండు టేబుల్‌స్పూన్ల కార్న్‌ఫ్లోర్ కలిపి పొడిగా ఉంచుకోండి, ఇది వలయాలకు ముందుగా అద్దడానికి.

శనగపిండి ఎందుకు వేయలేదు అని అడుగుతారు. వేయవచ్చు, అయితే అది ఉల్లిపాయ బజ్జీ అవుతుంది, ఇక్కడి హోటళ్ళలో ఈరుళ్ళి బజ్జి అని చక్రాన్ని విడదీయకుండా ముంచి వేస్తారు చూడండి, అదే. ఆ రుచి నాకూ ఇష్టమే, కానీ శనగపిండి పూత పొయ్యి మీంచి దిగిన ఐదు నిమిషాలకే మెత్తబడుతుంది. మైదా ఒక్కటే వేసినా కుదరదు. మైదాలోని గ్లూటెన్ నీళ్ళు తగిలి కలిపేకొద్దీ సాగుడు పట్టి, వేగాక పూత బన్నులా నమలాల్సి వస్తుంది. బియ్యప్పిండిలో, కార్న్‌ఫ్లోర్‌లో గ్లూటెన్ లేదు, అందుకే అవి కలిస్తే పూత పెళుసుగా విరుగుతుంది. బేకింగ్ పౌడర్ బదులు వంటసోడా వేసేటట్టయితే పావు టీస్పూను దాటకండి, ఎక్కువైతే రంగు ముదిరిపోతుంది, పైగా పూత నూనె తాగేస్తుంది.

కలపడానికి చల్లటి సోడా. తీపి లేని మామూలు సోడా సీసా గంట ముందే ఫ్రిజ్‌లో పెట్టండి. సోడాలోని గ్యాస్ పిండిలో సన్నటి బుడగలుగా చేరి, వేడి నూనె తగలగానే పొంగి, పూతను గుల్లగా చేస్తుంది. చల్లదనం వల్ల గ్లూటెన్ తొందరగా సాగుడు పట్టదు. అందుకే నూనె కాగాకే సోడా పోయాలి, ముందే కలిపి పెట్టుకుంటే గ్యాస్ పోతుంది, చల్లదనమూ పోతుంది. ఒక కప్పు సోడాతో మొదలుపెట్టి, చాలకపోతే రెండేసి చెంచాలు పెంచండి. మిరపకాయ బజ్జీ పిండి కన్నా కొంచెం పలచగా రావాలి. వలయాన్ని ముంచి ఎత్తితే పిండి చుట్టూ అంటుకుని, మిగిలింది తీగలా కారి రెండు మూడు సెకన్లలో ఆగిపోవాలి. ఆగకుండా కారుతూనే ఉంటే పలచన, అసలు కారకుండా ముద్దగా వేలాడితే చిక్కన.

కలిపేటప్పుడు ఫోర్క్‌తో పది పదిహేనుసార్లు తిప్పి ఆపేయండి. చిన్న చిన్న ఉండలు మిగులుతాయి, మిగలనివ్వండి. దోసె పిండిలా నున్నగా చేయాలనిపిస్తుంది, అలా గిలకొట్టిన ప్రతిసారీ నాకు పూత గట్టిపడింది. సోడా లేకపోతే ఐస్ వేసిన నీళ్ళు సరిపోతాయి, కొంచెం బరువుగా వస్తుంది, అంతే తేడా.

నూనె

మందపాటి బాణలిలో సగం వరకే నూనె పోయండి, ముప్పావు లీటరు నుంచి లీటరు దాకా పడుతుంది. రిఫైన్డ్ వేరుశనగ నూనె గానీ సన్‌ఫ్లవర్ గానీ మంచిది. వెడల్పు తక్కువ, లోతు ఎక్కువ ఉన్న గిన్నె అయితే నూనె తక్కువ పడుతుంది, ఒకేసారి వేయగలిగేవీ తక్కువే.

వేడి 180 డిగ్రీలు. ఇంట్లో తరచూ వేయించే అలవాటు ఉంటే ఒక వంట థర్మామీటర్ కొనుక్కోండి, ఆన్‌లైన్‌లో కొన్ని వందల రూపాయలకు దొరుకుతుంది, ఇన్నేళ్ళలో నా వంటింట్లోకి వచ్చిన వస్తువుల్లో దానికి పెట్టిన డబ్బు గురించి ఒక్కసారి కూడా బాధపడలేదు. లేకపోతే పిండి చుక్క వేసి చూడండి: చుక్క అడుగుకు పోయి అక్కడే ఉండిపోతే నూనె కాగలేదు, వేయగానే పైకి ఎగిరి వెంటనే ఎర్రబడితే మరీ కాగింది, సగం దాకా మునిగి చుట్టూ బుడగలతో తేలి వస్తే సరిగ్గా ఉంది. చెక్క గరిటె కొన ముంచినా తెలుస్తుంది, చుట్టూ సన్నటి బుడగలు చురుగ్గా రావాలి. బెంగళూరు సముద్రమట్టానికి 900 మీటర్ల పైన ఉంది కాబట్టి ఇక్కడ నీళ్ళు 97 డిగ్రీల దగ్గరే మరుగుతాయి, ఊరి నుంచి వచ్చిన కొత్తలో పప్పు ఉడకడం లేదని మనందరం అనుకున్నదే. నూనె వేడికి మాత్రం దానితో పని లేదు. మీరు చెన్నైలో ఉన్నా ఇక్కడ ఉన్నా 180 అంటే 180.

ఆ వేడే ఎందుకు? పిండి నూనెలో పడగానే అందులోని నీళ్ళు ఆవిరై బయటికి తోసుకొస్తాయి, ఆ తోపుడు ఉన్నంతసేపూ నూనె లోపలికి పోలేదు. 160 కంటే తగ్గితే ఆవిరి బలంగా రాదు, పూత గట్టిపడేలోపే నూనె పీల్చుకుంటుంది. 195 దాటితే పైన నల్లబడుతుంది, లోపల తడి అలాగే ఉంటుంది.

వేయించడం

పక్కన అన్నీ వరుసగా పెట్టుకోండి: తుడిచిన వలయాలు, పొడి పిండి పళ్ళెం, జారు పిండి గిన్నె, బాణలి, ఆ పక్కన ట్రే మీద పెట్టిన ఇనుప జాలీ. కేకులు చల్లార్చే జాలీ ఉంటే అదే, లేకపోతే మైక్రోవేవ్‌తో వచ్చే గ్రిల్ స్టాండు. చిన్న పిల్లలను ఈ కాసేపు హాల్లో ఉండమనండి.

వలయాన్ని పొడి పిండిలో రెండువైపులా దొర్లించి, గట్టిగా దులపండి. తెల్లటి పలచటి పొర మాత్రమే మిగలాలి. మిగిలిన తడిని ఆ పొర పీల్చుకుని జారు పిండికి పట్టు ఇస్తుంది, దీన్ని వదిలేస్తే ఇందాకటి శ్రమ సగం వృథా. తర్వాత ఫోర్క్ లేదా వెదురు పుల్లను వలయంలో దూర్చి జారు పిండిలో ముంచి, గిన్నె అంచుకు ఒకసారి తట్టి, నూనెకు దగ్గరగా తెచ్చి మెల్లగా జారవిడవండి. పైనుంచి వేస్తే నూనె చిందుతుంది. పడగానే రెండు సెకన్లు పుల్లతో పట్టుకుని అటూఇటూ కదిలిస్తే అడుగుకు అంటుకోదు.

ఒకేసారి నాలుగైదుకు మించి వేయకండి. ఫ్రీజర్ ఉల్లి, చల్లటి పిండి రెండూ పడతాయి కాబట్టి నూనె వేడి ఒక్కసారిగా తగ్గుతుంది. వేసిన వెంటనే మంట కొంచెం పెంచి, వేడి పుంజుకున్నాక మళ్ళీ తగ్గించండి. ఒకవైపు నిమిషం, నిమిషంపావు, తిప్పి ఇంకోవైపు అంతే.

ఇక్కడ టైం కన్నా చెవి, కన్ను ముఖ్యం. వేయగానే పెద్ద పెద్ద బుడగలతో బాణలి హోరుమంటుంది, అది పిండిలోని నీళ్ళు పోతున్న చప్పుడు. నిమిషం దాటాక బుడగలు చిన్నవవుతాయి, హోరు కాస్తా చిటపటగా మారుతుంది. గరిటెతో తడితే పూత గట్టిగా, గుల్లగా తగులుతుంది. రంగు అప్పుడే కాల్చిన గోధుమ రొట్టెలా ఉంటుంది. అదే తీయాల్సిన క్షణం. బుడగలు పూర్తిగా ఆగేదాకా ఉంచితే ఉల్లిపాయ కూడా ఎండిపోయి, చేదు తగులుతుంది.

జల్లి గరిటెతో తీసి బాణలి మీదే రెండుసార్లు బాగా విదిలించండి. వేయించిన పదార్థంలోకి నూనె ఎక్కువగా పోయేది వేగేటప్పుడు కాదు, దించాక. చల్లబడుతున్నప్పుడు లోపలి ఆవిరి కుంచించుకుపోయి, పైన అంటుకున్న నూనెను లోపలికి లాగుతుంది. అందుకే వేడిగా ఉన్నప్పుడే విదిలించి, జాలీ మీద విడివిడిగా పెట్టాలి. టిష్యూ పేపరు మీద వేయడం మనందరి అలవాటు, పకోడీకి పర్వాలేదు, రింగ్స్‌కు వద్దు. కింద ఆవిరి పోవడానికి దారి లేక పేపరు తడిసి, ఆ తడి మళ్ళీ పూతకే చేరుతుంది. గిన్నెలో పోగేసి మూత పెట్టడం ఇంకా ఘోరం.

చుట్టాలు వచ్చారు, అందరికీ ఒకేసారి వేడిగా ఇవ్వాలి అనుకుంటే రెండుసార్లు వేయించండి. ముందు 170 దగ్గర నిమిషంన్నర, లేత రంగులో ఉండగానే తీసి జాలీ మీద పెట్టుకోండి. వాళ్ళు వచ్చి కూర్చున్నాక 190 దగ్గర నలభై సెకన్లు. ఇలా చేసినవి వానాకాలపు చెమ్మలో కూడా అరగంట దాకా కరకరలాడుతాయి.

ఇంకొంచెం గట్టి పూత కావాలంటే

జారు పిండిలో ముంచాక రస్కు పొడిలో దొర్లించండి. వీధి చివర అయ్యంగార్ బేకరీలో తీపి తక్కువ ఉన్న రస్కులు తెచ్చి మిక్సీలో బరకగా ఒక్క తిప్పు తిప్పితే చాలు. నేను ఎక్కువగా వాడేది చిరోటి రవ్వ, ఇక్కడి కిరాణా కొట్లలో ఎక్కడైనా దొరికే సన్నటి రవ్వ. మద్దూరు వడలో ఆ కరకర వచ్చేది బియ్యప్పిండి, మైదాలతో పాటు ఈ రవ్వ వల్లే, అది చూసే నాకు ఆలోచన వచ్చింది. పొడి పిండిలో రెండు టేబుల్‌స్పూన్లు, జారు పిండిలో రెండు టేబుల్‌స్పూన్లు కలిపి చూడండి, పంటి కింద సన్నగా పలుకు తగులుతుంది. ఉప్మా రవ్వ మాత్రం వేయకండి, అంత లావు రవ్వ రెండు నిమిషాల్లో వేగదు.

సోడా, జారు పిండి ఏవీ లేకుండా కూడా ఒక పాత పద్ధతి ఉంది. 1933లో అమెరికాలో క్రిస్కో అనే వంట కొవ్వు అమ్మే కంపెనీ ఇచ్చిన ప్రకటనలో, వలయాలను పాలలో ముంచి, పిండిలో దొర్లించి వేయించమని ఉంది. పూత పలచగా, చిరుగరుకుగా వస్తుంది. స్కూలు నుంచి వచ్చిన పిల్లాడు ఆకలి అంటుంటే నేను ఇదే చేస్తాను.

ఎయిర్ ఫ్రయర్ ఉన్నవాళ్ళకు: జారు పిండి పూత అందులో కుదరదు, గట్టిపడేలోపే బుట్ట రంధ్రాల్లోంచి కారిపోతుంది. రస్కు పొడి పూత వేసి, పైన నూనె స్ప్రే చేసి, 200 డిగ్రీల దగ్గర పది పన్నెండు నిమిషాలు, మధ్యలో ఒకసారి తిప్పండి. బాణలిలో చేసినంత రాదు, నూనె వద్దనుకునే పెద్దవాళ్ళకు బాగుంటుంది. మిగిలిపోయిన రింగ్స్ వేడి చేయడానికి మాత్రం ఎయిర్ ఫ్రయర్ చాలా మంచిది, 180 దగ్గర నాలుగు నిమిషాలు. మైక్రోవేవ్‌లో పెడితే లోపలి తడంతా పూతలోకి వచ్చి ముద్దవుతుంది.

నంజుకోవడానికి టమాటా సాస్ ఎలాగూ ఉంటుంది. నేను చేసేది గట్టి పెరుగును గంటసేపు బట్టలో వడకట్టి, అందులో మన వెల్లుల్లి కారం ఒక చెంచా, చిటికెడు ఉప్పు, నాలుగు చుక్కల నిమ్మరసం. ఉల్లిపాయ తీపికి ఆ కారం, పులుపు చక్కగా కుదురుతాయి.

తేడా వస్తే ఏమి చూడాలి

పూత అక్కడక్కడ ఊడిపోయి ఉల్లిపాయ బయటికి కనిపిస్తుంటే వలయం తడిగా ఉంది, లేదా పొడి పిండి సరిగా అద్దలేదు. నూనె కారుతుంటే నూనె కాగలేదు, లేదా ఒకేసారి ఎక్కువ వేశారు, లేదా వంటసోడా ఎక్కువైంది. పూత గట్టిగా రబ్బరులా ఉంటే పిండిని ఎక్కువ కలిపారు. మొదటి వాయి బాగా వచ్చి మూడో వాయి మెత్తగా వస్తుంటే గిన్నెలో పిండి వేడెక్కింది, ఐస్ ముక్కలు వేసిన ఇంకో గిన్నెలో దాన్ని పెట్టి వేయించండి. మొదట ఒక్కటే వేసి, దించి, రెండు నిమిషాలు ఆగి కొరికి చూసి, ఉప్పు సరిచూసుకున్నాకే మిగతావి వేయండి.

వేయించాక నూనె గోరువెచ్చగా అయ్యాక పలచటి బట్టలో వడకట్టండి. అడుగున చేరిన మైదా నలుసులు ఉండిపోతే తర్వాతిసారి అవే మాడి నూనెను చేదు చేస్తాయి. ఆ నూనెను రెండు మూడు రోజుల్లో తాలింపులకు వాడేయండి, మళ్ళీ మళ్ళీ కాచకండి. పదేపదే కాచిన నూనెలో చేరే పోలార్ పదార్థాలు 25 శాతం దాటితే ఆ నూనె వాడకూడదని కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ 2018 నుంచి నిబంధన పెట్టింది. ఇంట్లో దాన్ని కొలిచే పరికరం మన దగ్గర ఉండదు కాబట్టి నూనె ముదురు రంగుకు తిరిగినా, జిగటగా తగిలినా, త్వరగా పొగ వచ్చినా వాడకం ఆపేయండి. సింకులో మాత్రం పోయకండి, పైపులో పేరుకుపోతుంది, సీసాలో పోసి చెత్తతో పాటు విడిగా ఇవ్వండి.

నూనె పొయ్యి మీద ఉండగానే చేయాల్సిన పని ఇంకొకటి ఉంది. పక్కన పెట్టిన చిన్న వలయాలు, మిగిలిన పొడి పిండి, గిన్నె అడుగున మిగిలిన జారు పిండి, అన్నీ ఒకదాంట్లో వేసి రెండు పచ్చిమిరపకాయలు, ఒక కరివేపాకు రెమ్మ తుంచి కలపండి. చేత్తో చిన్న చిన్నగా విడిచి వేయించండి. ఇవి పొయ్యి దగ్గర నిలబడి వేయించినవాళ్ళకు, వేడి టీతో.